బ్లాక్‌బర్ను జట్టు: దూరపు యజమానుల ధర్మము

ఇంగ్లాండులోని లంకాషైరు సీమలో బ్లాక్‌బర్ను అను నేతపట్టణము గలదు. ఆ పట్టణపు ఫుట్‌బాలు జట్టునకు బ్లాక్‌బర్న్ రోవర్సు అని పేరు. ఆ దేశపు ఫుట్‌బాలులో రెండవ శ్రేణియగు ఛాంపియన్‌షిప్పునందు ఆ జట్టు 2023-24 సీజనులో పడిన పాట్లను గూర్చి నేడు కొంత వివరముగా వ్రాయ నెంచితిమి. నూజివీటి చుట్టుప్రక్కల తోటలు గల మా పాఠకులలో కొందరు, "పూత నిలిచినదా, రాలినదా, కాయ ధర యెట్లున్నది అను విచారములు మాకు చాలవా? ఎక్కడి బ్లాక్‌బర్ను, ఎక్కడి బంతి?" అని యనవచ్చును. వారి ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ జట్టును 2010వ సంవత్సరమున కొనినవారు హైదరాబాదు వాస్తవ్యుడొకరు స్థాపించిన కోళ్ళపరిశ్రమకు చెందిన కుటుంబమువారు. ఒక ఊరివారికి ప్రాణప్రదమైన సొత్తు సముద్రముల కీవలనున్న మనవారి చేతికి వచ్చినది. దూరమున నుండి పరుల ఊరి సొత్తును ఏలువాని ధర్మమేమి యని మన దేశము రెండువందల యేండ్లు ఇంగ్లీషువారిని అడిగినది. ఆ ప్రశ్నయే నేడు మనవారి గుమ్మమునకు వచ్చి నిలిచినది. కావున ఇది మనకు పరాయి విషయము కాదు.

మొదట యజమానుల సంగతి. హైదరాబాదువారైన బండా వాసుదేవరావుగారు 1971లో వేంకటేశ్వరా హ్యాచరీసు అను సంస్థను నెలకొల్పిరి. అది పూనా పట్టణము ముఖ్యస్థానముగా పెరిగి దేశములోని కోళ్ళపరిశ్రమకు తలమానికమైనది. రావుగారు చేసిన ఉపకారములలో ముఖ్యమైనది 1982లో వెలసిన జాతీయ గ్రుడ్ల సమన్వయ సంఘము. గ్రుడ్డు ధరను దళారి గాక, కోళ్ళను పెంచు రైతే నిర్ణయించుకొనవలెనని వారు దేశమంతట తిరిగి రైతులను కూడగట్టిరి. విజయవాడలో గ్రుడ్డు ధర యింతయని పత్రికలలో దినదినము కానవచ్చుటకు మూలమా సంఘమే. కృష్ణా గోదావరి మండలముల కోళ్ళరైతులకు ఆయన పేరు తెలియనిది కాదు. మామిడిరైతులకును అట్టి కూడిక యొకటి దొరకినచో ఎంత బాగుండునో యని మేము పలుమారు తలంచితిమి. 1990లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నిచ్చినది. 1996లో ఆయన కాలధర్మము నొందిరి. పిమ్మట వ్యాపారమును చేపట్టిన కుమార్తె అనురాధా దేశాయిగారును, కుమారులు వేంకటేశరావు, బాలాజీరావుగార్లును 2010 నవంబరులో రెండు కోట్ల ముప్పది లక్షల పౌండ్ల వెలకు బ్లాక్‌బర్ను జట్టును కొనిరి.

ఇక ఆ పట్టణము. బ్లాక్‌బర్నునకును మన తీరమునకును గల సంబంధము ఈ క్రయముతో మొదలైనది కాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున కోఠీ వేసి మన అద్దకపు వస్త్రములను ఓడల కెక్కించిరి. ఆ వస్త్రముల సొగసునకు ఇంగ్లాండు స్త్రీ పురుషులు మరులుకొనగా, అచ్చటి నేతగాండ్రు గగ్గోలుపెట్టిరి. ఆ దేశపు పార్లమెంటు 1700లోను, 1721లోను శాసనములు చేసి మన అద్దకములను నిషేధించెను. పిమ్మట 1760ల దశకములో బ్లాక్‌బర్ను సమీపముననే జేమ్సు హార్‌గ్రీవ్సు అనునతడు ఒకేమారు పలు దారములు వడుకు యంత్రమును కల్పించెను. మరి నూరేండ్లకు ఆ పట్టణపు మరమగ్గములు మన దేశమునకు ధోవతులు నేసి పంపుచుండెను. కంటకాపల్లినుండి కావలివరకు మన రైతులు కట్టిన మిల్లుధోవతులలో బ్లాక్‌బర్ను నేత లేకపోలేదు. మన మగ్గములు మూలబడుటకును, ఆ ఊరి పొగగొట్టములు మింటినంటుటకును కారణమొక్కటే.

ఆ వైభవమును శాశ్వతము కాలేదు. మొదటి మహాయుద్ధము పిమ్మట మన దేశములో మిల్లులు పెరిగినవి, విదేశవస్త్ర బహిష్కారము సాగినది, బ్లాక్‌బర్నులో మగ్గములు ఆగినవి. 1931లో రౌండుటేబులు సమావేశమునకు పోయిన గాంధిమహాత్ముడు ఆ సెప్టెంబరులో బ్లాక్‌బర్ను ప్రక్కనున్న డార్వెను అను ఊరికి పోయి, పనులు పోయిన కార్మికులను కలిసికొనెను. ఆ బీదలు ఆయనను ద్వేషింపక ఆదరించిరి. తరువాత 1950, 60 సంవత్సరములలో మిగిలిన మిల్లులలో పని చేయుటకు గుజరాతునుండియు, పాకిస్తానునుండియు కుటుంబములు పోయి అచ్చట స్థిరపడినవి. 2021 జనాభాలెక్కల ప్రకారము ఆ పురపాలక ప్రాంతమున మూడవవంతుకు మించినవారు ఆసియాసంతతివారు. మిల్లులు పోయినవి, గనులు పోయినవి, ఆ ఊరికి పూర్వపు గొప్పను గుర్తుచేయుటకు మిగిలిన కొలదివానిలో ఆ ఫుట్‌బాలు జట్టు ఒకటి. దానిని కొనుట ఒక కర్మాగారమును కొనుటవంటిది కాదని చెప్పుటకే ఇంత వ్రాసితిమి.

ఆ జట్టు 1875లో పుట్టినది. 1888లో పండ్రెండు జట్లు కలిసి ప్రపంచములో మొట్టమొదటి ఫుట్‌బాలు లీగును స్థాపించినపుడు వానిలో బ్లాక్‌బర్ను ఒకటి. ఇంగ్లాండు ఫుట్‌బాలు సంఘమువారి కప్పును 1884, 1885, 1886 సంవత్సరములలో వరుసగాను, మరల 1890, 1891, 1928లలోను గెలిచినది. ఈవుడ్ పార్కు అను మైదానమున 1890నుండియు ఆడుచున్నది. సగము నీలము, సగము తెలుపుగల చొక్కాలు దాని గుర్తు. నేర్పును, శ్రమయును అను అర్థముగల లాటిను వాక్యము దాని నినాదము. ఆ ఊరివాడే యగు జాక్ వాకరు అను ఉక్కువర్తకుడు తన ధనమును ధారపోయగా 1994-95లో ఆ చిన్నపట్టణపు జట్టు లండను, మాంచెస్టరు, లివర్‌పూలు జట్లనన్నిటిని దాటి మొదటి శ్రేణికి విజేతయైనది. వాకరు 2000లో మరణించెను. ఆయన ఏర్పరచిన నిధివారినుండియే మనవారు జట్టును కొనిరి. అప్పుడది మొదటి శ్రేణిలో నుండెను.

ఇచ్చట శ్రేణులను గూర్చి చెప్పనిది ముందుకు సాగదు. ఇంగ్లాండులో ఫుట్‌బాలు జట్లకు మెట్లవలె శ్రేణులు గలవు. రెండవ శ్రేణి 1892లో ఏర్పడినది. పేర్లు పలుమారులు మారి, 2004నుండి ఛాంపియన్‌షిప్పు అని పిలువబడుచున్నది. ఇరువదినాలుగు జట్లు, ప్రతి జట్టును మిగిలినవానిలో ఒక్కొక్కదానితో తన మైదానమున నొకమారు, వారి మైదానమున నొకమారు ఆడును, వెరసి 46 ఆటలు. గెలుపునకు మూడు పాయింట్లు, సమానమునకు ఒకటి. 2023-24 సీజనులోని నియమము ప్రకారము మొదటి రెండు జట్లు నేరుగా పైశ్రేణికి ఎక్కును. మూడవస్థానమునుండి ఆరవదానివరకుగల నాలుగు జట్లు తమలో తాము పోటీపడి ఒకటి మాత్రమెక్కును. కడపటి మూడు జట్లు క్రిందిశ్రేణికి దిగిపోవును. వంశము గొప్పదని నిలుపువారు లేరు, పేదదని ఆపువారు లేరు. జన్మముచే గాక కర్మముచే స్థానము లభించు ఈ పద్ధతి మెచ్చదగినది.

కాని ఈ మెట్లకు ధనబంధము గలదు. మొదటి శ్రేణికి టెలివిజనువారిచ్చు రాబడి అపారము. ఆ శ్రేణికెక్కిన జట్టునకు ఆ యొక్క గెలుపుచే కలుగు లాభము పది కోట్ల పౌండ్లకు మించునని లెక్క. రెండవ శ్రేణిలో రాబడి దానిలో కొలదిభాగము. అందుచే ఎట్లైన నెక్కవలెనను ఆశతో రెండవ శ్రేణి జట్లు తమ శక్తికి మించి జీతములిచ్చును. పలు సీజనులలో ఆ శ్రేణిలోని జట్లన్నిటి జీతముల మొత్తము వాని రాబడి మొత్తమును దాటినది. పంట వెలకంటె ఎరువు వెల యెక్కువైన సేద్యమువంటిది ఇది. ఆ లోటును ఏటేట పూడ్చువాడు యజమాని. యజమాని చేయి ఒక్క యేడు ఆగినచో జట్టు కుంటుపడును. రెండవ శ్రేణిలో యజమానుని గుణదోషములు తేటతెల్లమగుటకు ఇదియే కారణము.

మనవారు జట్టును కొనిన నెల దాటకమునుపే అనుభవశాలియగు మేనేజరు శాం అల్లార్డైసును తొలగించి, ఆ పదవియందు అనుభవములేని స్టీవ్ కీనును నియమించిరి. 2011లో జట్టు చివరిదినమున బ్రతికినది. 2012 మే 7వ తేదీన సొంతమైదానమున విగానుచేతిలో ఓడి రెండవ శ్రేణికి పడినది. ఆనాడు అభిమానులు నిరసనగా ఒక కోడిని మైదానములోనికి వదలిరి. యజమానుల వృత్తిని ఎత్తిపొడుచు ఆ పరిహాసము మనకు రుచింపదు. కోళ్ళను పెంచుట హీనవృత్తి కాదు. కాని ఆ పరిహాసము వెనుకనున్న దుఃఖము నిజమైనది. ఆ తరువాతి సీజనులో మేనేజర్లు తామరాకుమీది నీటిబొట్టులైరి. ఒకనికి 57 దినములు, మరియొకనికి 67 దినములు మాత్రమే ఆ పదవి దక్కినది. 2017లో జట్టు 51 పాయింట్లు సంపాదించియు, అవే పాయింట్లు గల నాటింగుహాము ఫారెస్టుకంటె గోలుల తేడాలో వెనుకబడి మూడవ శ్రేణికి దిగినది. ఒకప్పుడు ప్రీమియరు లీగును గెలిచిన జట్టు మూడవ శ్రేణికి పడుట అదియే మొదలు. టోనీ మౌబ్రే అను మేనేజరు ఓపికతో కూర్చి 2018లో దానిని మరల రెండవ శ్రేణికి తెచ్చెను. 2022-23లో డెన్మార్కువాడైన యోన్ దాల్ టోమాసను నాయకత్వమున జట్టు ఏడవస్థానమున నిలిచినది. ఆరవదైన సండర్లాండునకు 69 పాయింట్లు, దీనికిని 69 పాయింట్లే. మరల గోలుల తేడాయే అడ్డుపడినది. దిగుటకును ఎక్కకపోవుటకును ఒక్కటే తూకపురాయి!

ఇట్టి స్థితిలో 2023-24 సీజను మొదలైనది. మరి యొక యడుగు వేసిన ఎక్కుదుమని ఊరివారాశించిరి. కాని ఆ యేడు ఇచ్చటినుండి ధనము పంపుటకు చిక్కులు వచ్చినవి. విదేశములకు ధనము పంపు విషయమై యజమానుల సంస్థపై సాగుచున్న విచారణవలన, జట్టుకు ధనము పంపుటకు ఢిల్లీ హైకోర్టు అనుమతి పొందవలసినదయ్యెను. ఆ విచారణలోని మంచిచెడ్డలు న్యాయస్థానమునకే వదలుచున్నాము. వాని ఫలము మాత్రము బ్లాక్‌బర్ను మైదానమున కనబడినది. కొత్త ఆటగాండ్రను కొనుటకు చేయాడలేదు. ఉన్నవారితో నెట్టుకొనవలసివచ్చెను. శీతకాలమునకు జట్టు వరుసగా ఓడజొచ్చెను.

ఆడం వార్టను అను యువకుని కథ ఇచ్చట చెప్పదగినది. 2004లో బ్లాక్‌బర్నులోనే పుట్టి, చిన్ననాటినుండి ఆ జట్టు పాఠశాలలోనే ఆట నేర్చిన బాలుడతడు. మైదానము నడుమ నిలిచి ఆటను నడుపుటలో అతని నేర్పు చూచి ఊరివారు పొంగిపోవుచుండిరి. 2024 ఫిబ్రవరి మొదటి తేదీన జట్టు అతనిని లండనులోని క్రిస్టల్ ప్యాలెసు జట్టుకు, మొదటగా ఒక కోటి ఎనుబది లక్షల పౌండ్ల వెలకు అమ్మినది. నాలుగు నెలలు తిరుగగనే అతడు ఇంగ్లాండు దేశపు జట్టున ఆడెను. 2025లో క్రిస్టల్ ప్యాలెసు ఫుట్‌బాలు సంఘపు కప్పును గెలిచినపుడు ఆ ఆటలో నతడును ఉండెను. పేదయింట పుట్టిన చదువరి పెద్దపట్టణమునకు పోవుట సహజమే. అతని వృద్ధికి ఎవరు నసూయపడరు. కాని ఇంటి దూలమును అమ్మి ఇంటి అప్పు తీర్చుకొనుట చూచువారికి కష్టము. అతడు వెడలిన ఆ గడువులోనే, అమెరికానుండి తెచ్చుకొనదలచిన ఒక ఆటగాని నమోదు కాగితములలోని పొరపాటుచే తప్పిపోయెను. అంతకు ముందు సంవత్సరము జనవరిలోను గడువుదాటి ఒకని నమోదు చెడెను. బలమైన జట్లు ఆటలో ఓడవచ్చును, కచేరీబల్లపై ఓడరాదు.

వారము దాటగనే టోమాసను పదవిని వదలెను. ఆ స్థానమునకు జాన్ యూస్టెసు వచ్చెను. ఇందొక విచిత్రము గలదు. ఈ యూస్టెసు అదే సీజనులో బర్మింగుహాము జట్టును నడుపుచు దానిని ఆరవస్థానమున నుంచియుండగా, అక్టోబరులో ఆ జట్టు యజమానులు మరింత పేరుగల మేనేజరు కావలెనని అతనిని తొలగించిరి. ఇరువదినాలుగింటిలో ఆరవస్థానము చాలదని తలచిన ఆ జట్టే సీజను ముగియునప్పటికి 50 పాయింట్లతో మూడవ శ్రేణికి పడిపోయెను. యూస్టెసు వచ్చిన బ్లాక్‌బర్ను మాత్రము గట్టెక్కెను. ఉన్న పనివానిని గుర్తెరుగని యజమానికి ఇంతకంటె గుణపాఠమేమి కావలెను?

బ్లాక్‌బర్ను గట్టెక్కుటయు సులభముగా జరుగలేదు. సామీ స్మాడిక్సు అను ఐర్లాండు దేశపు ఆటగాడు ఆ సీజనున లీగులోనే 27 గోలులు చేసి, ఆ శ్రేణిలో అందరికంటె ముందు నిలిచెను. ఏప్రిలు 13వ తేదీన ఎక్కుటకై పోరాడుచున్న లీడ్సు జట్టును వారి మైదానముననే ఒక్క గోలుతో ఓడించిరి. మే 4వ తేదీ కడపటి ఆట. ఎదుట నున్నది అప్పటికే ఆ శ్రేణికి విజేతయైన లెస్టరు. ఆడుట వారి మైదానమున. వారు కప్పును ఎత్తు ఉత్సవములో నున్నారు. బ్లాక్‌బర్ను ఓడినచో 50 పాయింట్లతో బర్మింగుహాముతో సమానమై, మరల గోలుల తేడా దయపై ఆధారపడవలసియుండెడిది. స్మాడిక్సు రెండు గోలులు చేసెను. లెస్టరు ఒకటియు చేయలేదు. 14 గెలుపులు, 11 సమానములు, 21 ఓటములు, 53 పాయింట్లు, పందొమ్మిదవ స్థానము. ఇది విజయమని చాటుకొనదగినది కాదు. ఐనను ఆనాడు లెస్టరుకు పోయిన బ్లాక్‌బర్నువారికి కప్పు గెలిచినంత యైయుండునని ఊహింపవచ్చును. మూడు నెలలకు స్మాడిక్సును అమ్మబడెను.

యజమానుల పక్షమునను చెప్పవలసినది గలదు. దానిని దాచుట పత్రికాధర్మము కాదు. కొనిన నాటినుండి ఏటేట జట్టునకు వచ్చు నష్టమును ఆ కుటుంబమువారే భరించుచు వచ్చిరి. వందల కోట్ల రూపాయలు అందులో పోసిరి. 2019లో బరీ అను లంకాషైరు జట్టు, నూరేండ్లకు మించిన చరిత్ర గలదియైనను, యజమాని చేతగానితనముచే లీగునుండి వెలివేయబడినది. బ్లాక్‌బర్నున కట్టి గతి పట్టలేదు. మైదానమును అమ్ముకొని సొమ్ము చేసికొనిన జట్లు కొన్ని గలవు. వీరు ఈవుడ్ పార్కును అట్లు చేయలేదు. 2022 మే నెలలో ఆ మైదానపు పచ్చికమీదనే ముస్లిములు ఈదు ప్రార్థనలు చేసికొనిరి. ఆ దేశపు ఫుట్‌బాలు మైదానములలో అట్టిది మొదటిసారి. హిందూదైవము పేరుగల సంస్థవారి యాజమాన్యమున, క్రైస్తవదేశమున, ముస్లిములు ప్రార్థించిన ఆ దృశ్యము మన దేశమునకును వన్నె తెచ్చినది. కావున వీరిని దోపిడిగాండ్రని నిందించుట అన్యాయము.

మరి లోపమెక్కడ? ధనములో గాదు, దగ్గరలేమిలో నున్నది. మా తోటల భాషలో చెప్పెదము. మామిడిచెట్టు ఒక యేడు విరగగాసి, మరుయేడు వట్టిపోవుట తోటవానికి తెలిసిన సంగతియే. వట్టిపోయిన యేట చెట్టును తిట్టువాడు తోటవాడు కాడు. మొదళ్ళు త్రవ్వించి, ఎండుకొమ్మలు తీయించి, నీరు పెట్టించి ఓర్పుతో వేచియుండును. పూతమీదనే కాపును గుత్తకు తీసికొనిన వర్తకునికి ఆ యేటి కాయయే ప్రధానము. పూత తొందరగా రావలెనని మొదట మందు పోయించును. చెట్టు అలసిపోయిన మాట గుత్త ముగిసిన తరువాతగాని తెలియదు. ఇక మూడవవాడు గలడు. అతడు గుత్తదారునివలె దురాశాపరుడు కాడు. తోట అతనిదే, ఎరువునకు, కూలికి సొమ్ము పంపుచునే యుండును. కాని పట్టణమున నుండి ఏ చెట్టు ఏ మూలనున్నదో యెరుగడు. ఒక యేడొక గుమాస్తాను, మరుయేడు మరియొకనిని పంపును. వాని మాటలు వీడు త్రోసివేయును. తోట ఎండిపోదు, పండదు. బ్లాక్‌బర్ను జట్టు ఈ మూడవవాని తోటవలె నున్నది. 2024-25లో యూస్టెసు నడుపగా జట్టు మొదటి స్థానములకు పోటీపడుచుండెను. ఫిబ్రవరిలో అతడు క్రిందిస్థానమున కొట్టుకొనుచున్న డార్బీ జట్టునకు వెడలిపోయెను. జట్టు 66 పాయింట్లతో మరల ఏడవస్థానమున ఆగెను. అదే సంవత్సరము మే నెలలో, లైసెన్సునకు వలసిన ఏర్పాటులు చేయక, ఆ సంస్థ మహిళాజట్టును స్త్రీల రెండవ శ్రేణినుండి ఉపసంహరించుకొనెను.

జమీందారీల కాలము మన మండలములవారు మరచినది కాదు. నూజివీటి సంస్థానపు కోటలు నేటికిని నిలిచియున్నవి. 1948నాటి మదరాసు ఎస్టేటుల రద్దుచట్టము ఆ పద్ధతికి మంగళము పాడెను. ఊరిలో నుండి చెరువులు త్రవ్వించిన ప్రభువును రైతులు ఆ చట్టము తరువాతను గౌరవముతో తలచుకొనిరి. చెన్నపట్టణమున నుండి శిస్తు మాత్రము లెక్కించుకొనిన ప్రభువు పేరు ఒక్క తరములో మాసిపోయెను. భూమిమీది హక్కు కాగితముపై నుండును. మనుష్యుల మనస్సులలోని హక్కు కనబడుట వలననే కలుగును.

ఇంగ్లాండువారును ఈ సత్యమును ఆలస్యముగ గ్రహించిరి. బరీ జట్టు వెలివేయబడిన పిమ్మటను, 2021 ఏప్రిలులో ధనవంతపుజట్లు కొన్ని వేరుకుంపటి పెట్టబోయి ప్రజల యాగ్రహమునకు జంకి వెనుకకు తగ్గిన పిమ్మటను, అచ్చటి ప్రభుత్వము విచారణ జరిపించెను. దాని ఫలముగా 2025 జూలైలో ఫుట్‌బాలు పరిపాలనాచట్టము ఆమోదము పొందెను. స్వతంత్రమైన నియంత్రణాధికారి యొకడు ఏర్పడెను. యజమానుల యోగ్యతను, ధనమూలమును పరీక్షించుట, జట్టు పేరు, రంగులు, మైదానము మొదలగువానిని మార్చుటకు ముందు అభిమానుల మాట వినునట్లు చూచుట అతని పనులలోనివి. సొత్తు యజమానిదైనను, సంప్రదాయము ఊరిదని చట్టమే యొప్పుకొనినదన్నమాట. దేవాలయపు ధర్మకర్తకును, చెరువు నీరుగట్టువానికిని మన పూర్వులు విధించిన నియమమే ఇది.

ఇది పరదేశపు నీతి యని ఊరకుండుటకు వీలులేదు. మన యింటి సంగతి చూడుడు. సయ్యదు అబ్దుల్ రహీముగారు తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసుజట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు బొంబాయి రోవర్సుకప్పును గెలిచినది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సున నాలుగవస్థానమును, 1962 జకార్తా ఆసియాక్రీడలలో స్వర్ణమును సంపాదించినది. అట్టి పట్టణమునకు 2019లో హైదరాబాదు ఎఫ్‌.సి. అను జట్టు వచ్చినది. అది పూనాజట్టు స్థానమును మార్చగా ఏర్పడినది. పూనావారి నష్టమును మనమానాడు తలచలేదు. 2022 మార్చిలో అది ఇండియన్ సూపరు లీగు విజేతయైనది. పిమ్మట ఆటగాండ్రకు జీతములు నిలిచిపోయినవి, యజమానులు మారిరి, 2025లో ఆ జట్టును ఢిల్లీకి తరలించి పేరును మార్చిరి. రహీముగారి పట్టణమునుండి విజేతజట్టును మూటగట్టి తీసికొనిపోవుచుండగా, ఇది మా ఊరి సొత్తు అని అడ్డుపడుటకు చట్టమును లేదు, సంఘమును లేదు. బ్లాక్‌బర్నువారి బాధ యేమో ఇప్పుడు మనకును తెలియవలెను.

కావున మేము చెప్పునది రెండు మాటలు. మొదటిది బ్లాక్‌బర్ను యజమానులకు. గ్రుడ్డు ధరను నిర్ణయించు హక్కు దానిని పండించువానిదే యని దేశమునకు నేర్పినది మీ తండ్రిగారు. ఆ న్యాయమే ఈవుడ్ పార్కులో వర్తింపజేయుడు. జట్టును తరతరములుగా పోషించిన ఊరివారికి దాని నిర్వహణలో మాట నిండు. నమ్మిన మేనేజరునకు కాలము నిండు. ధనముతోబాటు మీ రాకపోకలను నిండు. ఎక్కలేకపోవుట నేరము కాదు. ఊరివారికి ముఖము చూపకపోవుట లోపము. రెండవది మన ప్రభుత్వములకును, క్రీడాసంఘములకును. ఇంగ్లాండులోని చట్టమును చూచి, ఒక ఊరి పేరుపెట్టుకొనిన జట్టును ఆ ఊరివారి నడుగక తరలింపరాదను నియమమైనను చేయుడు.

లంకాషైరు మిల్లువారు మన నేతగాని ముఖమెరుగక అతని మగ్గమును ఆపిరి. ఆ యెరుగమియే పెద్ద అన్యాయమని మన పెద్దలు వాదించి గెలిచిరి. ఆ వాదమును గెలిచిన జాతివారు ఆ లంకాషైరు నేతగాని మనుమని ముఖమెరుగక అతని జట్టును ఏలరాదు. మన వాదము నిజమైనదని లోకమునకు చూపుటకు బ్లాక్‌బర్ను ఒక మంచి యవకాశము. ఆ యవకాశము ఇంకను జారిపోలేదని మా నమ్మకము.